పాలు మాన్పిన పంది పిల్లలకు ఉప్పు చేప

పశువుల డాక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి కూర్చుంటారు. ఎద్దుల గురించి అడుగుతారు, గేదెల గురించి అడుగుతారు. ఈ మధ్య కుక్కల గురించి ఎక్కువగా అడుగుతున్నారు. పందుల గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ నేను పనిచేసిన కాలంలో, అంటే డెబ్బైల నుంచి ఎనభైల చివరి దాకా, నాకు పని నేర్పినవి చాలావరకు పందులే. ఎవరూ అడగరు కాబట్టి రాసి పెడుతున్నాను.

బదిలీలు, ప్రమోషన్లు, ఆఫీసు కాగితాల సంగతులు ఇందులో ఉండవు. వాటివల్ల ఏ పశువూ బతకగా నేను చూడలేదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉండబట్టి కొన్ని సంగతులు వరస తప్పకుండా గుర్తున్నాయి. వాటిలో మీకు పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

రెండు నెలల పొట్ట

"పంది ఏదైనా తింటుంది" అని మీకు కాలేజీలో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎదిగిన పంది తింటుంది. పాలు మాన్పిన పిల్ల సంగతి వేరు. అది రెండు నెలల పాటు తల్లి పాలు తాగింది. దాని పొట్ట ఆ పాలను అరిగించుకోవడానికి తయారైన పొట్ట. ఒక రోజు పొద్దున తల్లిని పక్క గదిలోకి తోలేసి, పిల్ల ముందు తవుడూ నూకలూ పోస్తే, అది ఆకలికి తింటుంది. తిన్నది అరగదు. రెండో రోజో మూడో రోజో విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు దెబ్బతిన్న పిల్లను తర్వాత ఎంత మేపినా లాభం ఉండదు. వెన్ను వంగి, బొచ్చు రేగి, పొట్ట జారి అలాగే ఉండిపోతుంది.

పిల్ల పెరగాలంటే కండ పట్టాలి. కండ పట్టాలంటే పాలలో ఉన్నంత మంచి మాంసకృత్తులు మేతలో కూడా ఉండాలి. తవుడులో అవి చాలవు. పుస్తకంలో వెన్న తీసిన పాలపొడి అని రాసి ఉండేది. అది పుస్తకంలో ఉండేది గానీ మా స్టోరులో ఎప్పుడూ ఉండేది కాదు. మాకు దొరికేవి రెండే. ఒకటి వేరుశనగ చెక్క, రెండోది ఎండు చేపల పొడి. ఈ రెండింటితో నెట్టుకొచ్చాం. రెండింటిలోనూ దెబ్బలు తిన్నాం.

పందికేగా

వేరుశనగ చెక్క జగ్గయ్యపేట చుట్టుపక్కల నూనె మిల్లుల్లో దొరికేది. ఒకసారి వానాకాలంలో ఒక మిల్లుకు వెళితే, గోడ వారగా చెక్క బస్తాలు విడిగా వేసి ఉన్నాయి. అవి ఎందుకు విడిగా పెట్టారని గుమాస్తాను అడిగాను.

"తడిసి బూజు పట్టిందండీ. గేదెలోళ్ళు వద్దన్నారు. పందులోళ్ళకి పోతది లెండి."

"పందులు చావవా?"

"పందికేగా అండీ!" అన్నాడు నవ్వుతూ.

"మీ ఇంట్లో బూజు పట్టిన పల్లీలు ఏం చేస్తారు?"

"పారేస్తాం."

"పిల్లలకు పెట్టరా?"

"భలేవారే! పిల్లలూ పంది పిల్లలూ ఒకటేనా అండీ?"

పొట్ట విషయంలో ఒకటే. ఆ బూజులో ఉండే విషం కాలేయాన్ని తింటుంది. గేదె కొంత తట్టుకుంటుంది. పాలు మాన్పిన పంది పిల్ల అసలు తట్టుకోలేదు. కాబట్టి చెక్కను పైపైన చూసి తీసుకోవద్దు. విరిచి లోపల చూడండి. ముక్కు దగ్గర పెట్టుకోండి. ముక్కిన వాసన వస్తే మీరు పెంచుకునే పందికే కాదు, పగవాడి పందికి కూడా పెట్టనివ్వకండి. నా ఉద్యోగంలో పంది పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ చంపింది ఏ జబ్బూ కాదు, "పందికేగా" అన్న మాటే.

ఎనభైల్లో నందిగామకు వెళ్ళేసరికి సోయా చిక్కుళ్ళ పేరు వినపడడం మొదలైంది. చదువుకున్న ఒక కోళ్ళ రైతు పందులు కూడా పెట్టి, ఎక్కడి నుంచో సోయా తెప్పించి, పచ్చిదే పిండి పట్టించి పిల్లలకు పెట్టాడు. పిల్లలు పారుకుంటున్నాయని కబురు చేశాడు.

"వేయించారా?" అన్నాను.

"ఎందుకండీ? పెసలు నానబెట్టుకుని పచ్చివే తింటాం కదా?"

"పెసలు తినండి. సోయా మాత్రం వేయించకుండా పెట్టకండి. పచ్చిదాంట్లో అరుగుదలను అడ్డుకునే గుణం ఉంది."

వేయించి పెట్టాక పిల్లలు తేరుకున్నాయి. ఆయన ఆ తర్వాత నన్ను ఎక్కడ చూసినా, "డాక్టరు గారూ, ఇవాళ దేన్ని వేయించమంటారు?" అని ఆట పట్టించేవాడు. సోయా వచ్చాక ఈ పని చాలా తేలికైంది. అది రాకముందు, జగ్గయ్యపేటలో, చేపతో జరిగిన సంగతే నేను అసలు చెప్పదలచుకున్నది.

తెల్ల పందులు

డెబ్బైల చివర్లో, జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వెళ్ళే దారికి దిగువన ఉన్న ఒక ఎరుకల కాలనీలో ప్రభుత్వం తెల్ల పందుల పథకం పెట్టింది. ఊళ్ళో తిరిగే నల్ల పందులు కావు. షెడ్డు కట్టి, సీమ జాతి ఆడ పందుల్ని ఇచ్చి, లోపలే మేపమన్నారు. కాలనీలో కొద్ది కుటుంబాలకే వచ్చాయి. బాగా నడిస్తే మిగతా వాళ్ళకూ ఇస్తామన్నారు. అందుకని కాలనీ మొత్తం ఆ షెడ్ల వైపే చూస్తూ ఉండేది.

అందరికంటే ముందు ఈనింది నాగమ్మ పంది. నాగమ్మకు నలభై ఏళ్ళుంటాయి. మొగుడు సున్నపురాతి క్వారీలో పనికి పోయేవాడు, పందుల్ని ఆమే చూసుకునేది. నోరు పెద్దది. చేతులు శుభ్రం. నేను వెళ్ళిన ప్రతిసారీ షెడ్డు కడిగి ఉండేది.

నందిగామలో ఉండే మా పై అధికారిని, అసిస్టెంట్ డైరెక్టరును, ఏడీ గారు అనేవాళ్ళం. ఆయన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. పని తెలిసినవాడు, నిజాయితీపరుడు, తొందర మనిషి. అంతకుముందు వేరే చోట పందుల జ్వరం వచ్చినప్పుడు, ల్యాబు రిపోర్టు కోసం ఆగి చుట్టుపక్కల ఊళ్ళలో పందులన్నీ పోగొట్టుకున్నారట. ఆ దెబ్బ ఆయన మనసులో ఉండిపోయింది. పంది చచ్చిందంటే చాలు, ముందు జ్వరమే అనుకునేవారు. మనిషి శుద్ధ శాకాహారి. ఉల్లిపాయ కూడా ముట్టరు. పందుల మేతలో చేప ఎంత కలపాలో మాత్రం ఆయనకు తెలిసినంత బాగా జిల్లాలో ఎవరికీ తెలియదు.

ఆ ఎండాకాలం మాకు సముద్రం పక్క ఊళ్ళ నుంచి రావలసిన చేపల పొడి రాలేదు. నాగమ్మ పంది పిల్లలకు పాలు మాన్పే రోజులు దగ్గరపడ్డాయి. ఏడీ గారికి ఫోన్ చేశాను.

"సంతలో ఎండు చేప దొరకదుటయ్యా? దంచి కలపమను. ఎండబెట్టిందేగా," అన్నారు.

నేను నాగమ్మకు చెప్పాను. ఉప్పు పెట్టని చిన్న చేప చూసి తెచ్చుకోమన్నాను. తలాడించింది.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం పక్క ఊళ్ళలో ఇసకలో ఉత్తగా ఎండబెట్టిన చేప బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. మాది మెట్ట. అంత దూరం చెడకుండా రావాలంటే ఉప్పు పట్టించిన చేపే రావాలి. మా సంతలో మంచి చేప అంటే ఉప్పు చేపే. ఉప్పు లేనిది ఎప్పుడైనా వచ్చినా, అడుగున మిగిలిన ఇసకా పురుగూ కలిసిన తుక్కే.

గోడకు ఆనించిన తలలు

ఒక రోజు పొద్దున్నే నాగమ్మ మరిది సైకిలు మీద ఆసుపత్రికి వచ్చాడు.

"డాక్టరు గారూ, మా వదిన పిల్లలకి పిచ్చెక్కిందండీ."

"ఎవరి పిల్లలకి?"

"పంది పిల్లలకండీ. గోడలకి తలకాయలు కొట్టుకుంటన్నయ్. రెండు పొయినయ్."

మా కాంపౌండరు ఖాసిం పెట్టె సర్దాడు. ఖాసిం పందిని ముట్టడు, షెడ్డులోకి రాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. గేటు దగ్గర నిలబడి సూదులు ఉడకబెట్టి అందించేవాడు, నేను చెప్పినవి రాసుకునేవాడు. అంతకంటే మంచి కాంపౌండరు నాకు మళ్ళీ దొరకలేదు.

బయలుదేరే ముందు రివాజు ప్రకారం నందిగామకు ఫోన్ చేసి చెప్పాను. ఏడీ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"జ్వరమే. కాలనీలో తెల్లవీ నల్లవీ అన్నీ తీసేయాల్సిందే. ఇవాళ నేను మీటింగులో ఉన్నా, రేపు పొద్దున వస్తా. ఈలోగా గొయ్యి తవ్వించు."

"చూసి చెబుతానండీ."

"చూడు. చూస్తూనే తవ్వించు."

నేను వెళ్ళేసరికి కాలనీ అంతా షెడ్డు చుట్టూ మూగి ఉంది. గొయ్యి మాట చెప్పగానే మగవాళ్ళు పలుగూ పారా తెచ్చి షెడ్డు వెనక తవ్వడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు వింటూనే నేను లోపలికి వెళ్ళాను.

పిల్లలు కొన్ని గోడకు నుదురు ఆనించి, నెట్టుతున్నట్టు నిలబడి ఉన్నాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. ఇంకొకటి కుక్కలాగా వెనక కాళ్ళ మీద కూర్చుని, తల వెనక్కి వెనక్కి విరుచుకుంటూ, దవడలు ఆడిస్తూ పక్కకు పడిపోయి కొట్టుకుంది. చప్పట్లు కొట్టాను. వినపడలేదు. కళ్ళ ముందు వేలు ఆడించాను. కనపడలేదు.

థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. ఇంకో పిల్లకు పెట్టాను. లేదు. పక్క గదిలో తల్లి పంది నిశ్చింతగా నీళ్ళ తొట్టిలో మూతి పెట్టుకుని ఉంది. చచ్చిన పిల్లను కోసి చూశాను. పందుల జ్వరమైతే మూత్రపిండాల మీద, పేగుల్లో కనపడవలసిన గుర్తులేవీ లేవు. కడుపు లోపలి పొర మాత్రం ఎర్రగా కమిలి ఉంది.

"ఏం పెట్టావు నాగమ్మా?"

"నువ్వు చెప్పిందే పెట్టా. తవుడు, నూకలు, చెక్క, చేప."

మేత డబ్బా తెరిచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు కషాయం.

"ఉప్పు లేని చేప తెమ్మన్నానుగా?"

నాగమ్మకు కోపం వచ్చింది. "అది చేపా? సగం ఇసక, సగం పురుగు. పసిబిడ్డలు, తల్లి పాలు మానినియ్యి, వాటికి ఆ తుక్కు ఎట్టా పెడతానయ్యా? మేం తినేదే తెచ్చి పెట్టా. మేం కూడా మానేసి వాటికే పెట్టా!"

"మీరు వండుకునేటప్పుడు ఉప్పు చేపను కడగరా?"

"కడుగుతాం. కడిగితే తడిసిద్ది, తడిసింది దంచితే పొడి కాదు గదా? అయినా చేతి పంపులో నీళ్ళేయి? బిందె నిండాలంటే పొద్దెక్కుద్ది."

పందులన్నిటి కర్మ "పందికేగా" అయితే, ఈ పిల్లల కర్మ వేరే. ఎవరూ పెట్టనంత మంచిది పెట్టింది ఆమె. అయినా నాకు లెక్క కుదరలేదు. మేతలో చేప పదో వంతు కూడా లేదు. నీళ్ళు బాగా తాగే పిల్లను ఆ మాత్రం ఉప్పు చంపదు. అప్పుడు చూశాను. పిల్లల గదిలో నీళ్ళ తొట్టి బోర్లించి ఉంది.

"తొట్టి ఎందుకు బోర్లించావు?"

"విరోచనాలు పట్టినయ్ గదా. నీళ్ళు ఆపా."

"ఎప్పటి నుంచి?"

"మొన్న పట్టినయ్. అప్పటి నుంచే. నీళ్ళు తాగే కొద్దీ నీళ్ళే పోతయ్ గదయ్యా. మా పిల్లలకైనా అంతే ఆపుతాం. మీ ఇళ్ళల్లో ఆపరా ఏంది?"

ఆపేవాళ్ళం. ఆ రోజుల్లో ఇంటింటా అదే పద్ధతి. బిడ్డకు విరేచనాలైతే ముందు మంచినీళ్ళు బంద్ చేసేవాళ్ళు. ఆమె చేసింది మా ప్రాంతంలో ఏ తల్లయినా చేసేదే.

ఉప్పు ఒక్కటైతే పిల్లలు బతికేవి. నీళ్ళు ఆపడం ఒక్కటైతే నీరసించేవి. మండుటెండల్లో రెండూ కలిశాయి. ఒంట్లో ఉప్పు పేరుకుని మెదడు మీదకు వెళ్ళింది.

ఇస్తే చస్తాయి, ఇవ్వకపోతే చస్తాయి

మందు తెలిసిపోయింది. నీళ్ళే. కానీ ఇక్కడే కొత్త డాక్టర్లు తొందరపడి మిగిలినవి కూడా చంపుకుంటారు. ఉప్పు పట్టిన పిల్లకు ఒక్కసారే కడుపు నిండా నీళ్ళు తాగిస్తే మెదడు ఉబ్బి అక్కడికక్కడే పోతుంది. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, రోజంతా పట్టాలి. ఇది పుస్తకంలో ఒక్క వాక్యం. చేతిలో చెంబు పట్టుకుని చేస్తే గానీ అది ఎంత కష్టమో తెలియదు.

చేతి పంపు కొట్టి కొట్టి సగం బిందె తెచ్చారు. చాలదు. గేటు దగ్గరి నుంచి ఖాసిం కేకేశాడు.

"డాక్టరు గారూ, మా బావమరిది లారీ ముక్త్యాల పోయింది. వచ్చేటప్పుడు కృష్ణ నీళ్ళు డ్రమ్ములకి పట్టుకు రమ్మని కబురు పెట్టనా?"

"పెట్టు, పెట్టు."

"గేటు దాకా నాది. అక్కడి నుంచి మీది."

మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చాయి. నాగమ్మా, ఆమె మరిదీ, నేనూ కూర్చుని పట్టడం మొదలుపెట్టాం. కళ్ళు కనపడని పిల్లలకు గిన్నెలో మూతి ముంచి, రెండు గుక్కలు తాగగానే లాగేయాలి. తెలివి ఉన్నవి నీళ్ళ వాసన పట్టి అరుస్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. గిన్నె లాగేయడానికి నాగమ్మకు చేతులు రాలేదు.

"దాహంతో చస్తంటే నోటి కాడ గిన్నె లాగమంటావా? నువ్వు డాక్టరువా, యముడివా?"

"ఒక్కసారే తాగితే ఇప్పుడే చస్తాయి నాగమ్మా."

"ఇయ్యకపోతే చస్తయ్ అంటివి. ఇస్తే చస్తయ్ అంటివి. ఏదో ఒకటి చెప్పి చావు!"

గేటు అవతల ఖాసిం నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. షెడ్డు వెనక పార చప్పుడు ఆగలేదు.

ఒక పిల్ల విషయంలో ఆమె నా మాట వినలేదు. నేను అటు తిరగగానే గిన్నె దాని ముందే వదిలేసింది. అది కడుపారా తాగి, కాసేపటికి కొట్టుకుని పోయింది. నాగమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆ తర్వాత ఆమె చేయి ఎంత కచ్చితంగా పనిచేసిందంటే, నేను పెట్టిన గిన్నె కూడా ఆమే లాగేసేది.

సాయంత్రానికి గోడకు ఆనించిన తలలు కొన్ని ఇవతలికి తిరిగాయి. కోసిన పిల్ల నుంచి తీసిన ముక్కలు సీసాల్లో పెట్టి ల్యాబుకు పంపాను. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. ఏడీ గారు రావడానికి ఒక్క రాత్రే ఉంది.

మీకు ఇందులో పనికొచ్చేది రెండు ముక్కల్లో చెబుతాను. పాలు మాన్పిన పిల్ల చచ్చిందని కబురు రాగానే ముందు మేత రుచి చూడండి, తర్వాత నీళ్ళ తొట్టి చూడండి. ఏం తిన్నదని అందరం అడుగుతాం. ఏం తాగిందని ఎవరూ అడగరు.

చేటలో మిగిలిన మేత

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. ఏడీ గారు దిగీ దిగగానే గొయ్యి చూసి, "సరిపోతుంది," అన్నారు. తర్వాత షెడ్డు దగ్గరకు వచ్చారు. నాగమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోమ్మా."

"తప్పుకుంటే చంపుతారుగా."

నేను కలగజేసుకున్నాను. "సార్, ఇది జ్వరం కాదు. ఉప్పు. ఉప్పు చేప పెట్టి నీళ్ళు ఆపారు. నిన్నటి నుంచి నీళ్ళు పడుతున్నాం. చాలా పిల్లలు తేరుకున్నాయి."

"ఉప్పని ఎవరు చెప్పారయ్యా?"

"టెంపరేచరు లేదు సార్. కోసి చూస్తే జ్వరం గుర్తులు లేవు. మేత నాలుక మీద వేసుకుని చూశాను."

"నీ నాలుక ల్యాబా?" అన్నారు. "జ్వరం చూపించకుండా చచ్చిన పందుల్ని నేను చూశాను. రిపోర్టు కోసం ఒకసారి కూర్చున్నాను. ఏమైందో నీకు తెలుసు. ఇవాళ ఈ ఒక్క షెడ్డు మీద జాలిపడితే రేపు చిల్లకల్లు దాకా ఊడ్చుకు పోతుంది. అప్పుడు వాళ్ళకి నువ్వు చెబుతావా సమాధానం?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అని ఉండేవాణ్ణేమో. నా దగ్గర ఉన్న ఆధారాలు నాకు సరిపోయాయి, ఆయనకు సరిపోలేదు. కాలనీ అంతా మా ఇద్దరి మొహాలు చూస్తోంది.

నాగమ్మ లోపలికి వెళ్ళి, చేటలో మిగిలిన మేతా, దాని పక్కన దంచిన చేప పొడీ పోసుకుని వచ్చింది. ఏడీ గారి ముందు పట్టింది.

"మా డాక్టరు నాలిక వద్దంటే మీ నాలిక పెట్టండి సార్."

గేటు దగ్గర ఖాసిం మెల్లిగా అన్నాడు.

"అమ్మా, సారు ఉల్లిపాయ కూడా తినరు."

"తినమనట్లా సాయిబన్నా. రుచి చూడమంటన్నా. నా బిడ్డల్ని గోతిలో ఎయ్యమన్నాయన, నాలిక మీద ఇంత ఏసుకోలేడా?"

నేను భూమిలోకి కుంగిపోయాను. ఏడీ గారి డ్రైవరు జీపు అవతలికి వెళ్ళిపోయాడు. ఏడీ గారు చేట వైపు చూశారు. షెడ్డులోకి చూశారు. లోపల ఒక పిల్ల, ముందు రోజు గోడకు తల ఆనించి నిలబడ్డదే, మరిది చేతిలోని గిన్నె కోసం వాడి మోకాలి మీదకు ఎక్కుతోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. జ్వరంతో చచ్చే పంది నీళ్ళ కోసం అలా ఎగబడదని ఆయనకు తెలుసు. తెలిసినా, తనంతట తాను రుజువు చూసుకోకుండా మాట మార్చుకునే మనిషి కాదు.

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చిటికెడు చేప పొడి తీసి నాలుక మీద వేసుకున్నారు.

ఆయన మొహం ముడుచుకుపోయింది. పక్కకు తిరిగి ఉమ్మేశారు. మళ్ళీ ఉమ్మారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేప కంపుకో ఉప్పుకో నేను చెప్పలేను. మాట రాక, నీళ్ళు కావాలని చెయ్యి ఊపారు.

డ్రైవరు జీపులో ఫ్లాస్కు కోసం వెతుకుతుండగానే నాగమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు లాక్కున్నంత పని చేసి, తల పైకెత్తి నోట్లో పోసుకోబోయారు. నాగమ్మ ఆ మోచేయి పట్టుకుని ఆపేసింది.

"ఒక్కసారే తాగమాకండి సార్. కొంచెం కొంచెం తాగాలంట. మీ డాక్టరే చెప్పాడు."

ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. ఏడీ గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. తర్వాత బుద్ధిగా, ఆమె చెప్పినట్టే, ఒక్కొక్క గుక్కే తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక ఆమె చేతికిచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, షెడ్డు వెనక్కి నడిచారు. గోతి దగ్గర పారలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆయన గొయ్యి లోతు చూశారు, గట్టున గుడ్డ కప్పి పెట్టిన చచ్చిన పిల్లల్ని చూశారు.

"వీటికి ఇంత గొయ్యి దేనికయ్యా?" అన్నారు. "సగం పూడ్చేయండి."